డిటెక్టివ్ నవలను పదిమంది కలిసి చదివేటప్పుడు ముగింపు తెలిసినవారిని ఏం చేయాలి?

కాలువగట్టు (పాలకొల్లు వైపు):

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు పదిమందిమి కూర్చుని పుస్తకాలు చదువుకుంటున్నాము. ఇంతవరకు కథలూ ఆత్మకథలూ చదివాము, వాటితో ఏ ఇబ్బందీ రాలేదు. సార్వా ఊడ్పులు పూర్తయి అందరికీ కాస్త తీరిక దొరికిందని ఈసారి విల్కీ కాలిన్స్ 1868లో రాసిన ‘ది మూన్‌స్టోన్’ మొదలుపెట్టాము. ఒక ఇంగ్లీషువారి ఇంట్లో పోయిన భారతదేశపు వజ్రాన్ని ఎవరు తీశారన్నదే దాని కథ. ఇంగ్లీషు నేరుగా చదవగలిగినవారు మాలో కొద్దిమందే కాబట్టి, పదవీ విరమణ చేసిన మా ఇంగ్లీషు మాస్టారు ఆ వారం అధ్యాయాలను పురాణం చెప్పినట్టు తెలుగులో చెబుతారు. ఆయన చెప్పడం వినడానికే వచ్చేవారూ ఉన్నారు.

చిక్కు ఏమిటంటే, ఇద్దరు ఇప్పటికే చివరిదాకా చదివేశారు. ఒకరు రాత్రిళ్ళు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉంటూ ఫోనులోనే పుస్తకం ముగించిన రైతు. ఆయన ఏదీ బయటపెట్టరు గాని, ఎవరైనా ఒక పాత్ర మీద అనుమానం చెప్పగానే మీసాల చాటున నవ్వుకుంటారు. దాంతో అందరూ పుస్తకం వదిలేసి ఆయన ముఖం చదవడం మొదలుపెడుతున్నారు. రెండోవారు మాస్టారే. మొన్న వజ్రం పోయిన గది తలుపుకు కొత్తగా వేసిన రంగు చెరిగిన ఘట్టం వచ్చినప్పుడు ఆయన గొంతు తగ్గించి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క మాటా ఒత్తి పలికారు. ఇది ముఖ్యమని వేరే చెప్పనక్కరలేకపోయింది.

ఇటువంటి నవలను ఎక్కడెక్కడ ఆపి చర్చించాలి? ముగింపు తెలిసినవారిని ఎలా కలుపుకోవాలి? దొంగ ఎవరో తెలిసిపోయాక మాట్లాడుకోవడానికి ఏమి మిగులుతుంది? మా సభ్యులు కూడా ఇది చూస్తారు, దయచేసి ముగింపు మాత్రం ఇక్కడ రాయకండి.

గౌతమి ఒడ్డు (రాజమహేంద్రవరం):

అయ్యా, ఎక్కడ ఆపాలో ఈ నవలే చెబుతుంది. కథను ఒక్కరు చెప్పరు. తమ కళ్ళతో చూసినంతవరకే చెప్పాలన్న కట్టుబాటుతో ఒకరి తరువాత ఒకరు వాంగ్మూలం ఇచ్చినట్టు రాస్తారు. ఆ ఇంటి వ్యవహారాలు చూసే ముసలి బెటరెడ్జ్ చెప్పే మొదటి భాగమే 23 అధ్యాయాలు, ఆ తరువాత వచ్చే, ఆ ఇంటివారి బంధువు మిస్ క్లాక్ చెప్పే భాగం చాలా చిన్నది. కథకుడు మారిన ప్రతిచోటా ఆగండి. బెటరెడ్జ్ భాగాన్ని మాత్రం డిటెక్టివ్ సార్జెంట్ కఫ్ దర్యాప్తుకు రాకముందు, వచ్చాక, వెళ్ళాక అని మూడుగా విడదీయండి.

తలుపు ఘట్టం అయిపోయిందన్నారు గాని, పన్నెండో అధ్యాయాన్ని మరొక్కసారి తీయండి. బోర్డు మీద ఒక గీత గీసి గంటలు వేయండి. రంగు వేయడం బుధవారం మధ్యాహ్నం 3 గంటలకు ముగిసింది. అది ఆరడానికి 12 గంటలు పడుతుంది. ఆ అర్ధరాత్రి బెటరెడ్జ్ కూతురు చూసినప్పుడు రంగు చెక్కుచెదరలేదు. స్థానిక పోలీసు అధికారి సీగ్రేవ్ గురువారం ఉదయం 11 గంటలకు పనిమనుషులను గదమాయించి, మీ పావడాలు తగిలే ఇది చెరిగిందని తేల్చేస్తాడు. అప్పటికి రంగు ఆరి ఎనిమిది గంటలైందని కఫ్ వచ్చి లెక్క చెబుతాడు. అంటే చెరిగింది అర్ధరాత్రికీ తెల్లవారుజాము మూడింటికీ మధ్య, పైగా ఆ రంగు అంటిన బట్ట ఇంట్లో ఎక్కడో ఉండి తీరాలి. ఈ లెక్కను కఫ్ నోట వినకముందే మీవాళ్ళు తేల్చగలిగి ఉండేవారా అన్నది మంచి చర్చ, ఎందుకంటే దానికి కావలసిన అంకెలన్నీ రచయిత ముందే ఇచ్చేశాడు.

ఆగిన ప్రతిచోటా ఒక్కొక్కరి అనుమానాన్నీ, దానికి కారణాన్నీ చీటీ మీద రాయించి, కవరులో అంటించి, గ్రంథాలయం బీరువాలో పెట్టించండి. నోటితో చెప్పిన అనుమానం మరుసటి వారానికి మారిపోతుంది, రాసింది మారదు.

అంబాజీపేట అమ్మాయి:

చీటీల మాట బాగుంది గాని, అసలు రోగం మాస్టారి చెప్పడంలో ఉందని నా అభిప్రాయం. ఆయనను తప్పుపట్టడం లేదు. డిటెక్టివ్ నవలను క్లుప్తంగా చెప్పడం ఎవరికైనా ప్రమాదమే. నాలుగు వందల పేజీలలో దాగి ఉన్న వస్తువు పావుగంట కథనంలో దాక్కోలేదు, క్లుప్తంగా చెప్పినప్పుడు మిగిలేదల్లా ఆధారమే అయి కూర్చుంటుంది. ఉదాహరణకు కఫ్ రాగానే చేసే పని దొంగతనం గురించి ఆరా తీయడం కాదు, తోటమాలితో గులాబీల గురించి వాదించడం. తెల్ల మాస్ గులాబీని అడవి గులాబీ మీద కన్ను అంటు కట్టాలా, అక్కరలేదా అని ఇద్దరూ పట్టుబట్టి కూర్చుంటారు. కథకు పనికిరాదని మాస్టారు దీన్ని వదిలేసి ఉంటారు. (మీలో ఎవరికైనా కడియం నర్సరీలతో పరిచయముంటే ఈ వాదన మీద గంటసేపు మాట్లాడగలరు.) ఇటువంటివి తీసేస్తే రంగు మరకా, ఆ తరువాత కఫ్ అడిగి తెప్పించుకునే చాకలి పద్దూ దీపం పెట్టినట్టు కనిపిస్తాయి. పనికిరానిదాన్ని కూడా చెప్పాలి, పనికొచ్చేదాన్ని అదే గొంతుతో చెప్పాలి.

అది మాస్టారికి కష్టమైతే, ఇంకా ముగింపు తెలియని ఇంగ్లీషు పాఠకులలో ఒకరు ఆ వారానికి కథ చెప్పాలి. ఎక్కడ ఒత్తి పలకాలో వాళ్ళకే తెలియదు కాబట్టి గుట్టు నిలుస్తుంది. ముఖ్యమైన పేజీలను మాత్రం మాస్టారు వాక్యం వాక్యంగా అనువదించి చదివితే ఆయన పాండిత్యమూ వృథా పోదు.

ముందే చదివేసేవారి సమస్య కొత్తదేమీ కాదు. ఈ నవల డికెన్స్ నడిపిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ వారపత్రికలో 1868 జనవరి 4 నుంచి ఆగస్టు 8 వరకు 32 భాగాలుగా వచ్చింది. అది పూర్తికాకముందే, జూలైలోనే, మూడు సంపుటాల పుస్తకం వెలువడింది. కొనగలిగినవారికి ముగింపు ముందే తెలిసింది, మిగిలినవారు వారం వారం ఎదురుచూశారు.

లంకవాసి:

ముగింపు తెలిశాక ఏమి మిగులుతుందన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నా దృష్టిలో అసలు చర్చ అప్పుడే మొదలవుతుంది. దొంగను పట్టుకోవడానికి ఒక్కసారి చదివితే చాలు. బెటరెడ్జ్ ఒక్క అబద్ధం కూడా ఆడకుండా మనలను ఎలా దారి తప్పించాడో తెలియాలంటే రెండోసారి చదవాలి. యజమానురాలి కుటుంబం మీద ఆయనకున్న భక్తి ఏయే చోట్ల కళ్ళకు గంతలు కట్టిందో పేజీలతో సహా గుర్తించమనండి. మిస్ క్లాక్ విషయంలో ఆ పని ఇంకా సులువు, ఆమెకు తన గురించి తప్ప అన్నీ తెలుసు.

రెండో విషయం, వజ్రాన్ని వెతుక్కుంటూ వచ్చిన ముగ్గురు భారతీయులు. నవల 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో జరిగిన దోపిడీతో మొదలవుతుంది, అంటే వజ్రం ఇంగ్లండు చేరిందే దొంగసొత్తుగా. అయినా యార్క్‌షైర్ ఇంట్లో అది పోగానే అందరి చూపూ ముందు గారడీవాళ్ళ వేషంలో ఉన్న ఆ ముగ్గురి మీదకే వెళుతుంది. ఇక్కడ అసలు యజమాని ఎవరు? తన కథకు ఆధారమైన వజ్రాలలో కోహినూరు ఒకటని కాలిన్సే ముందుమాటలో రాశాడు. ఆ రాయి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో దొరికిందని మనవాళ్ళు చెప్పుకుంటారు కాబట్టి మీ సభలో ఈ ప్రశ్న వేడిగానే సాగుతుంది. నవలలో దొంగతనం జరిగిన 1848లో ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పని నడుస్తోందన్నది నా సొంత సరదా, చర్చకు అక్కరలేదు.

కాలువగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. గులాబీల వాదనను మాస్టారు నిజంగానే వదిలేశారు, అడిగితే “అది కథ కాదు కదా” అన్నారు. వచ్చే రెండు వారాలకు కథ చెప్పడానికి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఒప్పుకుంది. ఇక ఆ రైతుగారిని ఏం చేయమంటారు? రావద్దనడం మర్యాద కాదు, ఆయన వస్తేనే సభకు కళ.

గౌతమి ఒడ్డు:

ఆయనను సభకు లేఖకుడిగా పెట్టండి. ఎవరు ఏ పాత్రను అనుమానించారు, ఏ వాక్యాన్ని ఆధారంగా చూపారు అన్నది ఆయన నోటుపుస్తకంలో రాయాలి. వాక్యం చూపనివారిని “ఏ పేజీలో ఉందండీ?” అని అడగవచ్చు, అంతకుమించి ఒక్క మాటా అనకూడదు. తల వంచుకుని రాసేవారి ముఖం ఎవరికీ కనిపించదు. కవర్లు విప్పే రోజున ఎవరి అనుమానం ఏ వారంలో దారి తప్పిందో చదివి వినిపించే పని కూడా ఆయనకే ఇవ్వండి, అప్పుడు మాత్రం ఎంత నవ్వుకున్నా ఫరవాలేదు.