నడుము నొప్పికి పిలాటిస్: యంత్రం లేకుండా ఇంట్లో చేసుకోవచ్చా?

ప్రశ్న (ప్రొద్దుటూరు):

అందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. దసరా ముందర, పెళ్ళిళ్ళ రోజుల్లో రోజుకు పది గంటలు మిషను ముందు వంగి కూర్చోవలసి వస్తుంది. ఎనిమిది నెలలుగా నడుము కింది భాగం పట్టేసినట్లుగా నొప్పి పెడుతోంది. డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, ఎముకల్లో లోపమేమీ లేదని చెప్పి, మాత్రలతో పాటు నడుముకు బెల్టు కూడా ఇచ్చారు. మాత్రలు వేసుకున్నన్నాళ్ళు నొప్పి తగ్గుతుంది, మానగానే మళ్ళీ మొదటికి వస్తుంది. బెంగళూరులో ఉండే మా ఆడపడుచు పిలాటిస్ అనే వ్యాయామ తరగతులకు వెళ్ళి బాగుపడింది. అయితే ఆమె చేసేది స్ప్రింగులున్న మంచం లాంటి యంత్రం మీద. అది మా ఊళ్ళో నాకెక్కడా కనిపించలేదు. నేల మీద చేసినా ఫలితం ఉంటుందా? యోగాసనాలకూ దీనికీ తేడా ఏమిటి?

జవాబు 1 (కర్నూలు, ఫిజియోథెరపిస్టు):

నమస్కారమమ్మా. ముందుగా ఒక మాట. కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం మీద అదుపు తప్పినా వ్యాయామం సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతోనో, కారణం లేకుండా బరువు తగ్గడంతోనో నొప్పి వస్తున్నా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఇవేవీ లేకపోతే నేల మీద చేసే పిలాటిస్ మీకు సరిపోతుంది. జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో నిర్బంధంలో ఉన్నప్పుడు తోటివారికి నేర్పిన ఈ పద్ధతిలో, మీరు చెప్పిన ఆ స్ప్రింగుల యంత్రం (రిఫార్మర్) ఎంత భాగమో చాప మీద చేసే కదలికలూ అంతే భాగం.

ఫలితం విషయానికొస్తే, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2015 సమీక్షలో 10 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 510 మంది వివరాలను కలిపి చూసింది. పెద్దగా చికిత్స ఏదీ తీసుకోనివారితో పోలిస్తే పిలాటిస్ చేసినవారికి నొప్పి తగ్గింది, పనులు చేసుకోవడం సులువైంది. కానీ ఇతర వ్యాయామాల కంటే ఇది మెరుగని తేలలేదు. కాబట్టి మీకు ఆసనాలు అలవాటుంటే వాటిని మాని దీనికి మారనక్కరలేదు. తేడా ప్రధానంగా పద్ధతిలో ఉంది: ఆసనంలో ఒక భంగిమలో నిలుస్తాము, ఇక్కడ పొట్టను కొద్దిగా బిగించి, ఊపిరికి తగినట్లు చేతులనూ కాళ్ళనూ నెమ్మదిగా కదిలిస్తాము. పొట్ట లోపల నడికట్టులా చుట్టుకొని ఉండే కండరం ఒక్కటి బలపడితే నొప్పి పోతుందని మేము చదువుకునే రోజుల్లో గట్టిగా చెప్పేవారు. నేనిప్పుడు అంత గట్టిగా చెప్పను, భయం లేకుండా మళ్ళీ కదలడమే సగం మందు అనిపిస్తుంది. బెల్టు మాత్రం రోజంతా వద్దు. దీర్ఘకాలిక నడుము నొప్పికి వాటిని మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

జవాబు 2 (అనంతపురం):

నేను బ్యాంకులో పనిచేస్తాను, కుర్చీయే నా మిషను. నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఫోనులో చూసి మొదటి వారంలోనే ‘హండ్రెడ్’ మొదలుపెట్టాను. వెల్లకిలా పడుకొని, తలా కాళ్ళూ పైకెత్తి, చేతులను వందసార్లు ఆడించే వ్యాయామమది. మూడో రోజు స్కూటరు దిగలేకపోయాను. తర్వాత ఒక ఫిజియో గారి దగ్గర మొదటి నుంచి నేర్చుకున్నాను. మోకాళ్ళు మడిచి పడుకొని ఊపిరి వదులుతూ నడుమును నేలకు ఆనించడం, పిరుదులను మెల్లగా పైకెత్తి దించడం, చేతులూ మోకాళ్ళ మీద నిలిచి ఒక చేతినీ దానికి ఎదురు కాలినీ చాచడం, ఈ మూడింటితోనే నెలన్నర గడిచింది. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. రెండో నెలలో గాని మార్పు తెలియలేదు.

ఇంకొకటి, పరుపు మీద చేస్తే నడుము కుంగిపోతుంది, వట్టి నాపరాయి బండల మీద చేస్తే వెన్ను ఒరుసుకుంటుంది, ఈతచాప జారిపోతుంది. జంపఖానాను నాలుగు మడతలు వేసుకుంటే చక్కగా సరిపోతుంది.

ప్రశ్నించినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుకు వంగినప్పుడు ఒక్కోసారి ఎడమ తొడ వెనుక లాగినట్లు ఉంటుంది. అప్పుడు ఆపేయాలా? నేను కూర్చునేది ఎత్తు తక్కువ స్టూలు మీద. దానివల్ల కూడా నొప్పి వస్తుందా?

జవాబు (కర్నూలు, ఫిజియోథెరపిస్టు):

వ్యాయామం చేస్తుండగా ఆ లాగుడు మోకాలు దాటి కిందికి పాకితే ఆ కదలికను ఆపి, ఎవరైనా ఫిజియోకు చూపించుకోండి. తొడ దగ్గర నుంచి వెనక్కి వచ్చి నడుము దగ్గరే నిలిస్తే సాధారణంగా అది మంచి గుర్తు, కొనసాగించవచ్చు. స్టూలు విషయంలో మీ అనుమానం నిజమే. తుంట్లు మోకాళ్ళ కంటే కాస్త ఎత్తులో ఉండేలా దిండు వేసుకోండి. గుడ్డ కత్తిరించడం, ఇస్త్రీ చేయడం నిలబడి చేసే పనులుగా పెట్టుకొని, అరగంట కుట్టిన తర్వాత వాటికి లేవండి. పండుగ పని మొదలయ్యేలోగా ఆ మూడు వ్యాయామాలతో ఆరు వారాలు చేసి, నొప్పి ఎలా ఉందో ఇక్కడే రాయండి. నాలుగోది అప్పుడు చెబుతాను.