టర్బో బూస్టులో పెట్రోలు చాలడం లేదు: తప్పు ఫ్యూయల్ పంపుదా, వైరింగ్‌దా?

డాలస్‌లో ఉంటాను. నాది రెండు లీటర్ల టర్బో కారు, పాతది. పెద్ద టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది, ఆ ఒత్తిడే బూస్టు), నిమిషానికి 750 సీసీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వేయించి, 93 ఆక్టేన్ పెట్రోలుకు ట్యూనింగ్ చేయించాను. ఏడాదిపాటు ఏ పేచీ లేదు.

పది రోజులుగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, 4500 ఆర్‌పీఎం దాటగానే గాలి-ఇంధన నిష్పత్తి 11.3 నుంచి 13కు ఎగబాకుతోంది, అంటే పెట్రోలు తగ్గిపోతోంది. మీటరు చూసి కాలు దానంతట అదే పైకి లేస్తోంది. ఐడిల్‌లో, మామూలు వేగంలో ఫ్యూయల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ పెట్రోలులో చేసే సవరణ) 3 శాతం లోపే ఉంది కనుక గాలి లీకు అనుకోను. పొగ పరీక్షలోనూ ఏమీ బయటపడలేదు.

ఫ్యూయల్ ప్రెషర్ గేజిని ముందు అద్దానికి టేపుతో అంటించి నడిపి చూశాను. రెగ్యులేటర్‌కు (బూస్టు పెరిగినంతా పెట్రోలు ఒత్తిడినీ పెంచేది) వచ్చే గాలి గొట్టం పీకితే 43 పీఎస్ఐ. 15 పీఎస్ఐ బూస్టులో 58 రావాలి కదా, 50 దగ్గరే ఆగిన ముల్లు వణుకుతూ కిందికి దిగుతోంది. ఐడిల్‌లో రెగ్యులేటర్ గొట్టానికి సైకిలు పంపుతో 15 కొడితే మాత్రం బుద్ధిగా 58 చూపిస్తోంది!

ఫిల్టర్ కొత్తదే. బూస్టులో బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు దగ్గర 11.9. అరిగిన పంపు ఎక్కువ కరెంటు లాగడం వల్ల ఇంత తేడా వస్తుందా, లేక పాత సన్నని తీగలదే తప్పా? మెకానిక్ పంపు మార్చేద్దామంటున్నారు. నాకేమో ముందు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టి లావు తీగ వేయాలని ఉంది. ఏది ముందు? పంపుకు నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో ఇంట్లో కొలిచినవారు ఉంటే, ప్రమాదం లేని పద్ధతి చెప్పండి. అంతవరకు బూస్టు జోలికి పోను.