సముద్రం దిక్కు కాలువలల్ల ఒక రోజు మోటర్ బోట్: మిర్యాలగూడ నుంచి ఎట్ల పోవాలె?

మిర్యాల_పిలగాడు:
అన్నలూ అక్కలూ జెర చెప్పుండ్రి. జనవరిల మా పెండ్లయ్యి పదేండ్లయితది. ఇన్నేండ్లల్ల ఇద్దరమే ఎటన్న పోయింది లేదు, పోతే గుట్ట లేకుంటె సాగర్, అది గూడ పిల్లలనేసుకొని. ఈసారి పిల్లల్ని మా అత్తమ్మ కాడ ఇడిచి కేరళ అలెప్పీ దిక్కు పోదామనుకుంటున్న. హౌస్‌బోట్ల రాత్రి ఉండాల్నా, పగటీలి చిన్న మోటర్ బోట్ మాట్లాడుకుంటె సరిపోతదా? ఇంకో సంగతి, ఇంటామెకు నీళ్లంటె భయం, 2019ల కచ్చులూరు కాడ గోదాట్ల బోటు మునిగినప్పటి నుంచి సాగర్ల లాంచీ గూడ ఎక్కనంటది. దగ్గర్ల ఏమన్న ఉంటె అది గూడ చెప్పుండ్రి.

గోదారి_అల్లుడు:
కేరళ ఎందుకు బ్రో, దిండి పోండి. హౌస్‌బోట్లు అక్కడా ఉన్నయ్.

దేవరకొండ_వాసి:
డిండిల హౌస్‌బోటా?? మా ఊరికి గింత దూరం, నేను ఎండాకాలం దాంట్ల బర్లు పండుకునుడే చూసిన.

గోదారి_అల్లుడు:
😂 మీ డిండి ప్రాజెక్టు కాదు అన్నా, కోనసీమ దిండి. రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డు. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ మీ నల్గొండ మీంచే వస్తది, నరసాపురంలో దిగి చించినాడ వంతెన దాటితే అదే.

నల్గొండ_గడియారం:
తమ్మీ మేం పోయిన డిసెంబర్ల అలెప్పీ పోయొచ్చినం, నేను మా ఆవిడ. ముందు ట్రైన్. శబరి మీ మిర్యాలగూడల ఆగుతది, యాడ మారే పని లేదు, కని అది అలెప్పీ పోదు, కొట్టాయం మీదికెల్లి పోతది. శానామంది ఎర్నాకులంల దిగి కారు మాట్లాడుకుంటరు, మీరు కొట్టాయంల దిగుండ్రి. ఆడికెల్లి అలెప్పీకి గవర్నమెంటు బోటు ఉంటది, మనకు ఆర్టీసీ ఉన్నట్టు వాళ్లకు నీళ్ల మీద ఒక డిపార్ట్‌మెంటు ఉంది, రెండున్నర గంటలు పడ్తది, టికెట్ పల్లెవెలుగు లెక్కనే. బడి పిల్లలు, కూరగాయల సంచులు, బోటుల బస్టాపులు... నన్నడిగితె సగం టూరు ఆడనే అయిపోయింది. కని సంక్రాంతి దాక శబరి నిండ అయ్యప్ప స్వాములే ఉంటరు, టికెట్ ఇప్పుడే చూస్కో.

హౌస్‌బోట్ వద్దనను గని ఒక్క రోజుకు దండగ. అది పెద్ద కాలువలల్ల, వేంబనాడ్ సరస్సుల తిరుగుతది, సన్న కాలువలల్లకు పట్టదు. అయిదున్నర అయిందంటె తీస్కపోయి ఒడ్డుకు కడ్తరు, రాత్రి చేపలోళ్లు వలలేసుకునేది ఉంటది కదా. అంటే కట్టేసిన పడవల ఏసీ సప్పుడు ఇనుకుంట పండుకునుడే. మేం కప్పున్న చిన్న మోటర్ బోట్, ఆడ శికారా అంటరు, గంటల లెక్కన మాట్లాడుకున్నం, పొద్దున ఎనిమిదింటికెల్లి.

సన్న కాలువల పడ్డంక మోటర్ సప్పుడు తగ్గిచ్చిండు. ఇండ్ల ముంగట మెట్లు నీళ్లల్లకే దిగుతయి, ఒకామె గిన్నెలు తోముతుంది, మా బోటు అల వచ్చేసరికి బోళ్ల బుట్టను ఒక్క చేత్తోని ఎత్తి పట్టుకొని, అల పోయినంక దించి మళ్ల తోముకుంటుంది, మా దిక్కు తల గూడ ఎత్తలే. మా ఆవిడ ఇప్పటికీ అదే చెప్తది, సరస్సు గురించి ఒక్క ముక్క చెప్పదు.

నాకైతే పొలాలు చూసి మతి పోయింది. కుట్టనాడ్ అంటరు, పొలం సముద్రం కన్న కిందికుంటది, నువ్వు బోటుల కూసుంటె మట్టికట్ట అవతల వరి నీ కాళ్ల కన్న కిందికి కనిపిస్తది. మనం సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఎప్పుడిడుస్తరా అని చూస్తం, మోటర్లు పెట్టి కాల్వలకెల్లి పొలానికి గుంజుతం. వాళ్లు మోటర్లు పెట్టి పొలంల నీళ్లు కాల్వలకు తోడేస్తరు, ఆ తర్వాత వరి ఏస్తరు. ‘కరెంటు పోతే గీళ్లకెట్ల’ అన్నది మా ఆవిడ. బోటాయనకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు.

ఇగ భయం సంగతి, దాసుడెందుకు. మధ్యాహ్నం బోటు గుర్రుమని ఆగింది. గుర్రపుడెక్క మోటర్ రెక్కలకు తాడు లెక్క చుట్టుకుంది. ఆయన లుంగీ ఎగ్గట్టి వెనకకు వంగి మోటర్ పైకి లేపి కత్తితోని కోసి కోసి పారేసిండు, ఇరవై నిమిషాలు పట్టింది, మా ఆవిడ నా చెయ్యి ఇడువలే. డిసెంబర్ నుంచి సరస్సుకు అడ్డంగ ఉన్న తన్నీర్‌ముక్కం కట్ట గేట్లు మూస్తరంట, పొలాలకు ఉప్పునీళ్లు రాకుండ. ఉప్పు లేకపోతే ఈ డెక్క ఇష్టమున్నట్టు పెరుగుతది, గేట్లు తీసి ఉప్పునీళ్లొస్తే చస్తది. లైఫ్ జాకెట్లు ఎక్కేటప్పుడే అడిగితె సీటు కిందికెల్లి తీసిండు, ఒకదానికి బకిల్ లేదు. లొల్లి పెట్టి ఇంకోటి తెప్పిచ్చిన. మొకం మాడ్చుకున్నడు, మాడ్చుకోనీ.

కరిమీన్ అని ఆడి చేప, దాని ఫ్రై తినుండ్రి, ముండ్లు మస్తు. కల్లు కొబ్బరిచెట్టుది, మన తాటికల్లు తాగిన నాలికకు ఏదో షర్బత్ తాగినట్టే అనిపించింది.

కొల్లాపూర్_మామిడి:
మా దిక్కు ఎవ్వరు చూడరు గని సోమశిల పో తమ్మీ. శ్రీశైలం బ్యాక్‌వాటర్, టూరిజం లాంచీ శ్రీశైలం దాక పోతది, రెండు దిక్కుల నల్లమల. నీళ్లు మంచిగుంటెనే నడుపుతరు, డ్యాం నిండితే 885 అడుగులు, జనవరి వరకు దిగుతనే ఉంటది, ముందుగాల ఫోన్ చేసి కనుక్కొని పో. సంగమేశ్వరం గుడి అప్పటికి ఇంక నీళ్లల్లనే ఉంటది, అది చూడాల్నంటే ఎండాకాలం రావాలె. భయమున్నోళ్లను మొదలు గిట్ల అరగంట తిప్పి అలవాటు చెయ్యాలె, డైరెక్టుగ కేరళ తీస్కపోతే ఆడ ఎక్కనంటె నువ్వేం చేస్తవ్?

వాడపల్లి_ఒడ్డు:
నాకైతే నవ్వొస్తుంది. మీ మిర్యాలగూడ పక్కనే మా వజీరాబాద్ కాడికెల్లి బెజవాడ దాక 157 కిలోమీటర్ల కృష్ణను 2008లనే జాతీయ జలమార్గం 4ల రాసిండ్రు, ఆడికెల్లి కొమ్మమూరు కాలువ, తర్వాత బకింగ్‌హామ్ కాలువ పట్టుకుంటె సముద్రం ఒడ్డు పొంటి చెన్నై దాటి పుదుచ్చేరి దాక. కాయిదం మీదనైతే నువ్వు పొద్దున ఇంట్ల ఛాయ్ తాగి వచ్చి మా రేవుల బోటెక్కొచ్చు. నేను పుట్టిన కాన్నుంచి మూసి కలిసే కాడ చేపల పుట్టీలు, నాటు పడవలే చూస్తున్న.

మిర్యాల_పిలగాడు:
అందరికి థాంక్సన్నా. రాత్రి అన్నం తిన్నంక ఇంటామెకు మొత్తం చదివి ఇనిపిచ్చిన. గిన్నెలామె కాడ నవ్వింది, బకిల్ లేదన్న కాడ ఫోన్ గుంజుకొని ఆమెనే మళ్ల చదివింది. ఇప్పుడు ఫైసల్ ఏందంటె, వచ్చే ఆదివారం సాగర్ల నాగార్జునకొండకు లాంచీ ఎక్కి చూస్తదట, దిగినంక గుండె మంచిగుంటెనే శబరి టికెట్లు. శుక్రవారం పోదామనుకున్నం గని ఆ రోజు మ్యూజియం బందట. గడియారం అన్నా, ఒక్కటే డౌట్, లైఫ్ జాకెట్లు మనమే కొనుక్కొని పోతే ఎక్కనిస్తరా?

నల్గొండ_గడియారం:
ఎందుకు ఎక్కనియ్యరు తమ్మీ, కొను. మీ ఇద్దరిని నిలవెట్టి సైజు చూసి కొను, నాకు రెండోది తెచ్చిచ్చింది పొట్ట కాడ పట్టక దినమంతా ఊపిరి బిగవట్టుకొని కూసున్న.