కందెన రాయకుండా ఇత్తడి తూటా కేసును డైలోకి నెట్టవచ్చునా?

భీమవరం బావ
సంక్రాంతికి ఇంటికి వచ్చి పది రోజులయింది. నేనుండేది టెక్సాస్‌లో. అక్కడ గురి పోటీలకు వెళ్లే చాలామందిలాగే నేనూ తుపాకితో కాల్చిన ఇత్తడి కేసులను, అంటే తూటా గుల్లలను, పారేయకుండా ఏరుకొని, మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ (మందును అంటించేది), మందు, గుండు పెట్టి వాడుకుంటాను. తుపాకి పేలినప్పుడు కేసు ఉబ్బి, తూటా కూర్చునే ఛాంబర్ గోడకు అదుముకుంటుంది. ఒత్తిడి తగ్గాక కొంత వెనక్కి వస్తుంది గాని మొదటి కొలతకు రాదు కనుక, దాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి ప్రెస్సుతో నెట్టి సన్నం చేయాలి. నెట్టే ముందు కందెన రాసి తీరాలన్నది నా మాట. కనుమ నాడు మా పెద్దమ్మగారి అరుగు మీద ఈ ప్రస్తావన వస్తే, ఇత్తడి పనిలో తల పండిన ఒక అన్నగారు "ఇత్తడికి కావలసింది సెగ, జిడ్డు కాదు" అని కొట్టిపారేశారు. ఆయన కూడా ఈ వేదికలో సభ్యులే కనుక పది మంది ముందు తేల్చుకుందామని రాస్తున్నాను.

అజ్జరం సుత్తి
ఆ అన్నను నేనే. బిందెలు, గంగాళాలు కొట్టిన చేతులివి. రేకును కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది, దాని మోత మారుతుంది. మెత్తని రేకు మొద్దుగా పలుకుతుంది, బిరుసెక్కిన రేకు ఖంగుమంటుంది. ఆ మోత వినబడగానే కొలిమిలో పెట్టి, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చల్లారాక మళ్లీ సుత్తి పట్టుకుంటాము. అలా చేయకపోతే బిందె మెడ దగ్గర పగులుతుంది. తమ్ముడు చెప్పే తూటా కేసు కూడా ఒకసారి ఉబ్బి, ఒకసారి అణిగి, బిరుసెక్కిన రేకే గదా! లోపలి మొండితనం తీయకుండా పైన జిడ్డు పూస్తే ఏం ఒరుగుతుంది? మా తాతగారు ఏనాడూ నూనె పూసి బిందె కొట్టలేదు.

నిర్వాహకులు
చర్చ సాగించండి. అయితే మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం ఆయుధ చట్టం, 1959 ప్రకారం నేరమని, ఇక్కడి మాటలు చూసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదని గుర్తుచేస్తున్నాము.

కోనసీమ కొబ్బరి
కందెన రాయవలసిందే అయితే కొబ్బరినూనె ఉండగా ఇంకొకటి ఎందుకు?

భీమవరం బావ
అన్నగారూ, సుత్తి దెబ్బ వేరు, డై పట్టు వేరు. సుత్తి రేకును తాకి లేచిపోతుంది. డైలో మాత్రం కేసు ఒళ్లంతా ఉక్కును రాసుకుంటూ లోపలికి పోయి, అలాగే రాసుకుంటూ బయటికి రావాలి. నేను వాడేది 308 విన్‌చెస్టర్. 1952లో వచ్చిన ఈ తూటాకు సీసాలాగా భుజం, మెడ ఉంటాయి. ఒక్క కేసుకు కందెన మరిచిపోతే చాలు, అది డైలో బిగుసుకుపోతుంది, బలంగా లాగితే అడుగు అంచు తెగి ప్రెస్సు పట్టులోనే ఉండిపోతుంది. అప్పుడు కేసు అడుగున రంధ్రం చేసి, మర తీసి, బోల్టు బిగించి పీకాలి. ఒక ఆదివారమంతా నాకు ఆ పనితోనే గడిచింది.

నేను రాసేది గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్. ఒక పాలు లానోలిన్‌కు నీరు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాలు పది పన్నెండు పాళ్లు కలిపి చల్లి, ఆల్కహాలు ఆరేదాకా ఆగుతాను. పలుచని పొర చాలు. ఎక్కువైతే అది పోయే దారి లేక భుజం మీద సొట్టలు పడతాయి. మెడ లోపల కూడా కాస్త తగలాలి, లేకుంటే డై లోపల మెడను సరిచేసే ఉక్కు గుండు బయటికి వచ్చేటప్పుడు కీచుమంటూ మెడను సాగదీస్తుంది. పని అయ్యాక మొత్తం తుడిచేయాలి. జిడ్డు మందుకో ప్రైమర్‌కో అంటితే తూటా పేలకపోవచ్చు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు కేసులకైతే ఉక్కుకన్నా గట్టిదైన కార్బైడ్‌తో చేసిన డై ఉంటుంది కనుక వాటికి కందెన లేకపోయినా నడుస్తుంది.

అజ్జరం సుత్తి
చివరి వాక్యం అందరూ మరొకసారి చదవండి. "కందెన లేకపోయినా నడుస్తుంది." అంటే డై మంచిదైతే జిడ్డు అక్కరలేదని తమ్ముడే ఒప్పుకున్నాడు. ఇక వాదన దేనికి?

తణుకు లేత్
ఈ దెబ్బతో బావగారు ఇరుక్కున్నారు, పైగా కందెన లేకుండా.

కోనసీమ కొబ్బరి
గొర్రె ఉన్ని కొవ్వుకు దొరికిన గౌరవం కొబ్బరికి ఎందుకు దొరకదో ఎవరూ చెప్పలేదు.

భీమవరం బావ
కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. జనవరిలో మా గరాజులో అది సీసాలోంచి బయటికే రాదు.

కోనసీమ కొబ్బరి
అమలాపురంలో మాత్రం వస్తుంది.

కాకినాడ ఫోర్‌మన్
ముప్పై ఏళ్లు తూటాల కర్మాగారంలో కేసుల విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి. మీరిద్దరూ ఒకే ఏనుగు చెరో కాలు పట్టుకున్నారు. కేసుకు వాడే ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. ముందు రేకును గుండ్రంగా కోసి దొన్నెలాగా వంచుతారు, ఆ దొన్నెను ఒక డై తరువాత మరొక డైలోకి లాగుతూ పొడవు చేస్తారు. లాగిన ప్రతిసారీ బిరుసెక్కుతుంది కనుక కొలిమిలో కాలుస్తారు, పలుచని ఆమ్లంలో కడుగుతారు. మళ్లీ లాగే ముందు సబ్బు నీళ్లలో తడుపుతారు. సెగా ఉంది, జారుడూ ఉంది. ఒకటి చేసే పని రెండోది చేయదు.

సుత్తిగారికి ఒక హెచ్చరిక. తుపాకిలో పేలిన కేసుకు మెడ, భుజం వరకే సెగ పెట్టాలి. అడుగు మెత్తబడితే ఆ కేసు పనికిరాదు. 308లో ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల వరకు పోతుంది, అంత ఒత్తిడికి మెత్తని అడుగు ఆగదు. అడుగు బిరుసుగానే ఉండాలి, డైని ఎక్కువగా పట్టుకునేదీ అడుగుకు కాస్త పైభాగమే. కనుక అక్కడ సెగతో సాధించేది లేదు, రాపిడి తగ్గించవలసిందే. బావగారి కార్బైడ్ మాట నిజమే గాని, పిస్తోలు కేసు దాదాపు నిటారు గొట్టం, దాన్ని పట్టేది సన్నని కార్బైడ్ కట్టు మాత్రమే. సీసా ఆకారపు కేసుకు కార్బైడ్ డై కొన్నా కందెన తప్పదు.

తుడవడం గురించి కూడా ఒక మాట. జిడ్డు వల్ల తూటా పేలకపోవడమే కాదు, ఛాంబర్‌లోనూ చేటు జరుగుతుంది. కేసు పొడిగా ఉంటే గోడను పట్టుకొని వెనకవైపు తోపును కొంత తాను మోస్తుంది. జిడ్డుగా ఉంటే ఆ భారమంతా ఛాంబర్‌ను వెనకనుంచి మూసే తుపాకి బోల్టు మీద పడుతుంది. తుడిచేటప్పుడు అమ్మోనియా కలిసిన పాలిష్ జోలికి మాత్రం పోకండి. బ్రిటిష్ హయాంలో మన దేశంలో వర్షాకాలమంతా గుర్రపుశాలల దగ్గర నిలవ చేసిన తూటాల కేసులు వాటంతట అవే చిట్లిపోయేవి. గుర్రాల మూత్రంలోని అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిన బిగువు కలిసి చేసిన పని అదని 1921లో గాని తేలలేదు.

పాలకొల్లు పిన్ని
మా ఇంట్లో ఇత్తడికి చింతపండే. అమ్మోనియా బెడద లేదు.

అజ్జరం సుత్తి
ఫోర్‌మన్‌గారు పెద్దలు, వారి మాట కాదనను. నా పేచీ వేరు. పన్నెండేళ్ల క్రితం బిందెల గిరాకీ పడిపోయి, పంచపాత్రలు చేద్దామని అప్పు చేసి ప్రెస్సు కొన్నాను. డై బయటి ఊరి నుంచి తెప్పించాను. పదో పంచపాత్ర ఇరుక్కొని, గోడ చిరిగి, డై చెడింది. అమ్మినవాణ్ణి అడిగితే "మీరు నూనె రాసి ఉండరు" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నా డబ్బు మునిగింది.

భీమవరం బావ
అయితే మీరు రాశారా, లేదా? బిందెకు నూనె రాయని వంశమని మొదట్లో రాసింది మీరే.

అజ్జరం సుత్తి
రాశాను. పదింటికీ నా చేత్తో, ఆముదం రాశాను. రాసినా ఇరుక్కుంది. అరుగు మీద నువ్వు "కందెన మరిచిపోయినవాడే కేసు ఇరికిస్తాడు" అని నవ్వినప్పుడు నాకు వినిపించింది ఆ అమ్మినవాడి గొంతే. ఏది ఇరుక్కున్నా తప్పు పనివాడిది, పనిముట్టుది కాదు. మీ చదువుకున్నవాళ్ల న్యాయం ఇది.

భీమవరం బావ
చదువు మాట ఎందుకు అన్నగారూ? నా డైని ఒక స్నేహితుడు అడిగి తీసుకువెళ్లి, లోపల కేసు ఇరికించి, "నీ డై నాసిరకం" అని ముఖం మీదే చెప్పి తిరిగి ఇచ్చాడు. ఆ డైతో నేను వందల కేసులు తీశాను. అతను కందెన రాయలేదని కేసును వేలితో తడిమితేనే తెలిసింది, ఎండుటాకులాగా ఉంది. డబ్బూ పోయింది, స్నేహమూ పోయింది. పనిముట్టు మీద నెట్టేవాళ్లు కూడా లోకంలో ఉన్నారు.

తణుకు లేత్
ఇంతసేపూ కందెన గురించి అనుకున్నాము.

కాకినాడ ఫోర్‌మన్
సుత్తిగారూ, ఆ డై ఇంకా ఉందా? ఉంటే లోపల దీపం వేసి చూడండి. చుట్టూరా వలయాలలాగా గీతలు ఉంటే తయారీలో సరిగా నున్న చేయలేదని అర్థం. అది అమ్మినవాడి లోపం. నిలువుగా, పసుపు చారలాగా ఇత్తడి అంటుకొని ఉంటే, అక్కడ నూనె పొర తెగి లోహానికి లోహం తగిలింది.

అజ్జరం సుత్తి
రాత్రి అటక మీద నుంచి దింపి, కిరసనాయిలుతో కడిగి, మనవడి ఫోను దీపంతో చూశాను. రెండూ ఉన్నాయి. పై అంచు నుంచి బొటనవేలు మందం కిందికి వలయాలు, వేలిగోరు పెడితే టకటక తగులుతున్నాయి. ఆ వలయాలు మొదలైన చోటు నుంచే పసుపు చార కిందికి దిగింది. పైనున్న నున్నని భాగంలో చార లేదు.

కాకినాడ ఫోర్‌మన్
అయితే గరుకు ముందు, చార తరువాత. గరుకు మీద ఏ నూనె పొరా నిలవదు.

భీమవరం బావ
అన్నగారూ, అరుగు మీద నవ్వినందుకు మన్నించండి. నా 308 విషయంలో మాత్రం మాట మార్చుకోను, నున్నని డైకి కూడా కందెన కావాలి. గురువారం నా ప్రయాణం. బుధవారం అజ్జరం వస్తాను, ఆ డై నాకు చూపించండి.

అజ్జరం సుత్తి
రా. మధ్యాహ్నం భోజనానికి రా. డై కడిగి పెట్టాను, తుప్పు పట్టకుండా ఆముదం రాసి ఉంచాను.

కోనసీమ కొబ్బరి
అక్కడ కూడా ఆముదమేనా!