పదహారేళ్ళ పేసర్‌ను బేస్‌బాల్ పిచ్చర్‌గా మార్చాలా, వద్దా?

రేణిగుంట:
మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో గంటకు 120 కిలోమీటర్లు దాటించే కుర్ర పేసర్లలో చాలామంది జిల్లా జట్టు దగ్గరే ఆగిపోతారు. వాళ్ళలో ఎత్తు, భుజబలం ఉన్నవాళ్ళను పదహారేళ్ళకే బేస్‌బాల్ పిచ్చింగ్ (బ్యాటర్‌కు బంతి విసిరే పని) వైపు తిప్పాలన్నది నా వాదన. 2008లో మన దేశంలో పిచ్చర్ల కోసం వెతికిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీలో బయటపడిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అంతకుముందు బేస్‌బాల్ అసలు ఆడలేదు, జావెలిన్ విసిరేవాళ్ళు. ఆ ఏడాది నవంబరుకల్లా అమెరికా బేస్‌బాల్ క్లబ్బు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది.

చిత్తూరు ఫిజియో:
అన్నా, మీ ఉదాహరణలోనే జవాబు ఉంది. వాళ్ళు బౌలర్లు కారు. బౌలింగ్‌లో మోచేయి 15 డిగ్రీలకు మించి చాచకూడదు. వేగంలో చాలా భాగం పరుగు నుంచి, బిగదన్నిన ముందుకాలి నుంచి వస్తుంది. అందుకే పేసర్‌కు ముందు దెబ్బతినేది నడుము దగ్గరి వెన్నుపూస. పిచ్చర్‌కు పరుగే లేదు. మోచేయి దాదాపు 90 డిగ్రీలు మడిచి, భుజాన్ని బాగా వెనక్కి తిప్పి, ఒక్క ఊపులో ముందుకు విసరాలి. ఆ ఊపు మోచేయి లోపలివైపు లిగమెంట్‌ను (ఎముకలను కలిపి పట్టే పట్టీని) లాగేస్తుంది. కొత్త సాధనతో కండ నెలల్లో బలపడుతుంది. లిగమెంట్ అంత త్వరగా గట్టిపడదు. వేగం ముందు వచ్చేస్తుంది, దాన్ని మోసే శక్తి వెనకబడుతుంది. తెగేది అక్కడే. తెగితే టామీ జాన్ సర్జరీ. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేశారు. వేరేచోటి స్నాయువు తీసి మోచేతిలో అమరుస్తారు. మళ్ళీ మ్యాచ్‌లో వేయడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. రింకూకూ ఆ సర్జరీ అయింది.

పీలేరు కోచ్:
ఫిజియో గారి మాట నిజం. కానీ దాంతో దారి మూసుకుపోదు, ఎంపిక పద్ధతి మారాలి, అంతే. బౌలింగ్ స్పీడు చూడొద్దు. డీప్ మిడ్‌వికెట్ నుంచి కీపర్ చేతికి బంతి నేల తాకకుండా పంపేవాణ్ణి చూడండి. ఆ విసురే పిచ్చింగ్‌కు దగ్గర. వాడు బ్యాటరైనా ఫర్వాలేదు.

పరీక్ష ఇట్లా పెట్టొచ్చు. బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు, మన క్రికెట్ బంతి కంటే తేలిక. మూడు వారాలు 15–20 మీటర్ల దూరంలో సగం బలంతోనే విసరనివ్వాలి. ఆ తర్వాతే రాడార్ గన్. 18.44 మీటర్ల నుంచి, పరుగు లేకుండా, ఒక్క అడుగు వేసి 20 బంతులు. ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే గురి పలక) వెడల్పు 17 అంగుళాలు. మోకాలికీ ఛాతీకీ మధ్య, ఆ వెడల్పులో సగమైనా పడాలి. మేజర్ లీగ్‌లో (అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి లీగ్) ఫాస్ట్‌బాల్ సగటు 150 కిలోమీటర్ల పైమాటే. పదహారేళ్ళకు నిలబడి 125 విసరలేనివాడికి ఆశ పెట్టకూడదని నా ఉద్దేశం.

ఇంకొకటి. సమతలం నేల మీద నెలల తరబడి పూర్తి బలంతో వేయించి, ఒక్కసారిగా మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ) ఎక్కిస్తే ముందుకాలు ఎక్కడ దిగాలో తెలీక భారమంతా భుజం మీద వేస్తాడు. మౌండ్ మనమే కట్టుకోవచ్చు. ప్లేటు కంటే 10 అంగుళాల ఎత్తు. పిచ్చర్ కాలు ఆనించే రబ్బరు పలక ముందు 6 అంగుళాల నుంచి వాలు మొదలు, అడుగుకు అంగుళం చొప్పున దిగాలి. మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే కాలు దిగేచోట నాలుగు రోజుల్లో గుంట పడుతుంది. బంకమట్టి కలిపి, తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాలి.

తిరుచానూరు:
చేయి సంగతి సరే, బతుకు సంగతి? ఒప్పందం అంటే మేజర్ లీగ్ కాదు. కింది నుంచి కాంప్లెక్స్ లీగ్, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ, ఇన్ని మెట్లు. 2023 ఒప్పందం ప్రకారం ఆ ఏడాది కాంప్లెక్స్ స్థాయిలో ఏడాదికి 19,800 డాలర్లు, ట్రిపుల్-ఏలో 35,800. పైకి చేరితే 2025లో కనీస జీతం 7,60,000. మధ్యలో ఏ మెట్టు దగ్గరైనా తీసేయొచ్చు. దినేశ్‌ను 2010లోనే వదిలేశారు. రింకూ సింగిల్-ఏ దాకా వెళ్ళాడు గానీ మేజర్ లీగ్ మౌండ్ ఎక్కలేదు. పదో తరగతితో చదువు ఆపించి పంపితే తిరిగొచ్చాక వాడి గతేంది?

అలిపిరి:
అందుకే చదువుతో పాటే వెళ్ళాలి. ఇంటర్ పూర్తయ్యాక అమెరికాలో రెండేళ్ళ జూనియర్ కాలేజీ. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇక్కడి నుంచి నేరుగా సంతకం చేస్తే అంతర్జాతీయ ఆటగాడు, క్లబ్బును తనే ఎంచుకోవచ్చు. అక్కడి కాలేజీలో చేరితే డ్రాఫ్ట్ (క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతి) కిందికి వస్తాడు, 20 రౌండ్లలో ఎవరు పిలిస్తే వాళ్ళతోనే మాట్లాడాలి. ఆ స్వేచ్ఛ పోయినా చేతిలో చదువు ఉంటుంది. నేనైతే దీనికే ఓటు.

చిత్తూరు ఫిజియో:
దారి ఏదైనా లెక్క తప్పొద్దు. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ నియమాల్లో 15–16 ఏళ్ళకు రోజుకు 95 బంతులే గరిష్ఠం. 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీ పిచ్చింగ్ మానాలి, అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా చేయెత్తి విసరడమే ఉండకూడదు. మన దగ్గర జరిగేదేమి? పొద్దున క్రికెట్ నెట్స్, సాయంత్రం సాఫ్ట్‌బాల్, ఆదివారం టెన్నిస్ బాల్ టోర్నీ, మే నెల ఎండలో సమ్మర్ క్యాంపు. ఏ కోచ్ లెక్క ఆ కోచ్‌దే, మొత్తం ఎవరూ కూడరు. మోచేయి లోపలివైపు నొప్పితో పాటు చిటికెనవేలు తిమ్మిరెక్కితే ఆ రోజే ఆపించాలి. స్ప్రే కొట్టి మళ్ళీ పంపడం చేతిని పోగొట్టడమే.

రేణిగుంట:
కాలేజీ దారికి ఒప్పుకుంటా. పదహారేళ్ళకే మొదలుపెట్టాలన్న మాట మాత్రం వదలను. పద్దెనిమిది దాకా ఆగితే ఛేంజప్ (అదే ఊపుతో వేసే నెమ్మది బంతి), కర్వ్ (వంపు తిరిగే బంతి) పట్టు ఎప్పుడు నేర్చుకుంటాడు? మొదటి ఏడాది ఫాస్ట్‌బాల్, ఛేంజప్ మాత్రమే, అది కూడా క్రికెట్ బౌలింగ్ పూర్తిగా మానిపించి. అట్లయితే ఫిజియో గారి లెక్కా నిలుస్తుంది.

పీలేరు కోచ్:
మరి క్యాచర్ (ప్లేటు వెనక కూర్చుని బంతి పట్టేవాడు) ఎవరన్నా? గోడకేసి విసిరితే ఎత్తుపల్లాలు తెలీవు, ఛేంజప్ అసలే రాదు. మాస్కు, ఛాతీ కవచం, షిన్ గార్డులు, క్యాచర్ మిట్ కావాలి. కీపింగ్ గ్లవ్స్‌తో 125 కిలోమీటర్ల బంతి నిలబెట్టి పట్టిస్తే బొటనవేలు పోతుంది. పిల్లల్ని ఎంచుకుంటే ఒక్కణ్ణి కాదు, జతగా ఎంచుకోండి. కూర్చుని లేవగల మోకాళ్ళున్న కీపర్ ఎవరైనా మీ నెట్స్‌లో ఉంటే ముందు ఆ పిల్లాడి వివరం రాయండి.