వెనక ఖాళీ స్థలానికి రీజోనింగ్ నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

కొత్తగా మిషిగన్ వచ్చినవారి ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే డెట్రాయిట్ దగ్గర ఒక టౌన్‌షిప్‌లో (ఇక్కడ ఊరినీ, దాని స్థానిక ప్రభుత్వాన్నీ అలా అంటారు) ఇల్లు కొనుక్కున్నాం. నిన్న టౌన్‌షిప్ నుంచి పోస్టులో ఒక కాగితం వచ్చింది. మా పెరడు వెనక ఉన్న ఖాళీ స్థలాన్ని సింగిల్ ఫ్యామిలీ ఇళ్ల జోన్ నుంచి ఆఫీస్ సర్వీస్ జోన్‌కి రీజోనింగ్ చేయమని, దాంతోపాటు డే కేర్ సెంటర్‌కి స్పెషల్ లాండ్ యూజ్ అనుమతి ఇవ్వమని ఎవరో అర్జీ పెట్టారట. వచ్చే నెల మొదట్లో పబ్లిక్ హియరింగ్. ఇల్లు కొన్నప్పుడు ఏజెంటు "అక్కడ ఎప్పటికైనా ఇళ్లే వస్తాయి" అని ధీమాగా చెప్పాడు. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. లాయర్ని పెట్టుకోవాలా? మేం హెచ్-1బి మీద ఉన్నాం, మీటింగులో మాట్లాడే హక్కు మాకుందా? ఇంకో సంగతి. మా ఆవిడ ఇంట్లోనే కూచిపూడి క్లాసులు మొదలుపెడదామనుకుంటోంది. దానికీ ఇలాంటి పర్మిషన్ కావాలా?

కాంటన్ నుంచి జవాబు:

లాయర్ సంగతి తర్వాత చూద్దాం అండీ. ఆ కాగితంలో రెండు వేర్వేరు అర్జీలున్నాయి, ముందు వాటిని విడదీసి చూడండి. మనవాళ్లు చాలామంది రెండిటికీ కలిపి "మాకొద్దు" అని ఒకే మాట చెప్పి వచ్చేస్తారు. మొదటిదానికి ఆ మాట కాస్తో కూస్తో పనికొస్తుంది, రెండోదానికి దాదాపు పనికిరాదు.

రీజోనింగ్ అంటే జోనింగ్ మ్యాపుని, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూపే పటాన్ని, మార్చడం. మ్యాపు ఆర్డినెన్సులో, అంటే ఊరి స్థానిక చట్టంలో, భాగం, కాబట్టి ఇది చట్టాన్ని సవరించడమే. ప్లానింగ్ కమిషన్ హియరింగ్ పెట్టి సిఫారసు మాత్రం చేస్తుంది. చివరి ఓటు ఎన్నికైన టౌన్‌షిప్ బోర్డుది, సిటీ అయితే కౌన్సిల్‌ది. ఇది పాలసీ నిర్ణయం గనుక వాళ్లకి చాలా స్వేచ్ఛ ఉంటుంది. ఆ స్వేచ్ఛలో కూడా వాళ్లు ముందుగా చూసేది మాస్టర్ ప్లాన్‌ని, అంటే ఊరు ముందుముందు ఎలా పెరగాలో రాసుకున్న ప్రణాళికని. మీ టౌన్‌షిప్ వెబ్‌సైట్‌లో మాస్టర్ ప్లాన్ తెరిచి, ఫ్యూచర్ లాండ్ యూజ్ మ్యాపులో ఆ స్థలం ఏ రంగులో ఉందో ఈ రాత్రే చూడండి. అక్కడ కూడా ఇళ్లు అనే ఉంటే అంతకు మించిన ఆయుధం మీకు లేదు. ఆఫీస్ అని ఉంటే, మీరు ఇల్లు కొనకముందే ఊరు ఆ నిర్ణయానికి వచ్చేసిందన్నమాట. 2008 నాటి రాష్ట్ర ప్లానింగ్ చట్టం ప్రకారం కనీసం అయిదేళ్లకోసారి ఆ ప్లాన్‌ని సమీక్షించాలి. ఏజెంటు మాట కన్నా ఆ మ్యాపు నమ్మదగింది.

రీజోనింగ్‌లో అందరూ మోసపోయే చోటు ఒకటుంది. హియరింగ్‌లో అందమైన డ్రాయింగు చూపిస్తారు, చెట్లు, చిన్న బిల్డింగు, ఆడుకునే పిల్లలు. మామూలు రీజోనింగ్ అయితే ఆ బొమ్మకి ఎవరూ కట్టుబడి ఉండక్కర్లేదు. జోన్ మారాక ఆ జోన్‌లో అనుమతి ఉన్న ఏ వ్యాపారమైనా అక్కడికి రావచ్చు. డే కేర్ ప్లాను మూలన పడితే స్థలాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు, వాళ్లు మెడికల్ ఆఫీసు కట్టుకోవచ్చు. అందుకే ఆర్డినెన్సులో ఆఫీస్ సర్వీస్ కింద ఉన్న లిస్టు మొత్తం చదివి, అందులో మీకు బాగా ఇబ్బంది పెట్టేది ఏదో చూసి, దాని గురించి మాట్లాడండి. ఓనరు తనంతట తాను రాతపూర్వకంగా షరతులు ఒప్పుకుంటే కండిషనల్ రీజోనింగ్ అని ఒక దారి ఉంది. షరతులు పెట్టమని బోర్డు బలవంతం చేయకూడదు. కానీ పొరుగువాళ్లు గట్టిగా అడిగితే ఓనర్లే ముందుకొస్తుంటారు.

ఇక స్పెషల్ లాండ్ యూజ్. ఆ జోన్‌లో ఆ పనికి చోటుంది, కాకపోతే పక్కవాళ్లకి ఇబ్బంది కలగకుండా చూసి మరీ ఇవ్వాలి అని ఆర్డినెన్సు ముందే ఒప్పుకున్న వ్యవహారం ఇది. మిషిగన్ జోనింగ్ చట్టం, అంటే 2006 నాటి పబ్లిక్ యాక్ట్ 110, సూటిగా చెప్తుంది: ఆర్డినెన్సులో రాసిన ప్రమాణాలకి అర్జీ సరిపోతే అనుమతి ఇచ్చి తీరాలి. వంద సంతకాలు తెచ్చినా, హాలు నిండా జనం వచ్చినా ఆ ఒక్క కారణంతో కాదనడానికి లేదు. కాదంటే కోర్టులో నిలబడదు. నిర్ణయం ఏదైనా, దేని ఆధారంగా తీసుకున్నారో రికార్డులో రాయాలి. కాబట్టి ఇక్కడ "మా ఇంటి ధర పడిపోతుంది" అనకండి. ప్రమాణాల లిస్టు ముందు పెట్టుకుని "ఫలానా సెక్షన్‌లో ట్రాఫిక్ గురించి ఇలా ఉంది, పొద్దున పిల్లల్ని దింపే టైములో కార్లు మా వీధిలోకి బారులు తీరుతాయి, ప్లానులో దానికి జవాబు లేదు" అనండి. అప్పుడు కమిషనర్లు తలెత్తి వింటారు.

నోవై నుంచి జవాబు:

పైన చెప్పిందంతా సరైనదే, కానీ హియరింగ్ రోజు దాకా ఆగకండి. నా లెక్కన అసలు పని అంతకుముందే అయిపోతుంది. టౌన్‌షిప్ ప్లానర్‌కి ఫోన్ చేసి ఫైల్ చూస్తానని అడగండి, కోపంగా కాదు, మామూలుగా. సైట్ ప్లాన్, ట్రాఫిక్ రిపోర్టు ఉంటే అది, స్టాఫ్ రిపోర్టు, అన్నీ పబ్లిక్ రికార్డులే. ఇవ్వకపోతే రాష్ట్ర ఎఫ్‌ఓఐఏ (సమాచార హక్కు) చట్టం కింద రాసి అడగొచ్చు, అయిదు పనిదినాల్లో ఏదో ఒక జవాబు చెప్పాలి. కావాలంటే మరికొంత గడువు తీసుకుంటారు, అందుకే ఫోనే మేలు.

డే కేర్ అంటే మరీ అంత భయపడక్కర్లేదు. సాయంత్రానికి మూసేస్తారు, మామూలుగా శని ఆదివారాలు తీయరు. మీరు కూర్చుని గట్టిగా అడగాల్సింది షరతుల గురించి. ఆట స్థలం మీ కంచె వైపు కాకుండా బిల్డింగుకి అవతలి పక్కన ఉండాలి, చెత్త డబ్బా మీ పెరడుకి దూరంగా ఉండాలి, దీపాల వెలుగు కిందికే పడాలి, మధ్యలో ఏడాది పొడవునా ఆకులుండే చెట్లు వేయాలి, వాన నీళ్లు మీ వైపు పారకూడదు. ఇలాంటివి ఆర్డినెన్సు ప్రమాణాలకి ముడిపడేవి, కమిషన్ పెట్టగలిగేవి. ఓనరు మీతో ఫోన్లో "తప్పకుండా చేస్తాం సార్" అంటే దానికి విలువ లేదు. ఆమోదించే మోషన్‌లోనే (తీర్మానంలోనే) ఆ మాట ఉండాలి. స్పెషల్ లాండ్ యూజ్ మామూలుగా మనిషికి కాదు, స్థలానికి అంటుకుని ఉంటుంది. రేపు డే కేర్ చేతులు మారినా ఆ షరతులు కొత్తవాళ్లకీ వర్తిస్తాయి. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ అడిగే సందర్భం రాదు.

నోటీసు మీకెందుకొచ్చిందంటే, ఆ స్థలానికి 300 అడుగుల లోపున్న ఓనర్లకీ, అద్దెకున్నవాళ్లకీ హియరింగ్‌కి కనీసం 15 రోజుల ముందు పంపాలని రూలు. అంతకన్నా దూరంలో ఉన్నవాళ్లు కూడా వచ్చి మాట్లాడొచ్చు.

ట్రాయ్ నుంచి జవాబు:

తమ్ముడూ, మీ ఆవిడ కూచిపూడి సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. అదే 2006 చట్టంలో ఒక చక్కని సెక్షన్ ఉంది. తాము నివాసముంటున్న సింగిల్ ఫ్యామిలీ ఇంట్లో కళలు, చేతిపనులు నేర్పించడానికి ప్రతి జోనింగ్ ఆర్డినెన్సూ చోటివ్వాలి. అయితే చప్పుడు, బోర్డులు, ట్రాఫిక్, టైములు వంటి వాటి మీద టౌన్‌షిప్ ఆంక్షలు పెట్టొచ్చు. ఒక బ్యాచ్ వెళ్లాకే ఇంకో బ్యాచ్ రావాలి, కార్లు పక్కింటి డ్రైవ్‌వేకి అడ్డం పెట్టకూడదు. ఈ రెండూ పాటిస్తే సగం గొడవలు రావు. గజ్జెల మోత కన్నా కార్ల తలుపుల మోతకే ఫిర్యాదులొస్తాయి! హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) ఉంటే దాని బైలాస్ వేరుగా చదవాలి. టౌన్‌షిప్ సరేనన్నా హెచ్‌ఓఏ కాదనొచ్చు, రెండూ వేర్వేరు దారులు. ఇంకా ముఖ్యం, ఫీజు తీసుకుని క్లాసులు చెప్పాలంటే హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబ వీసా) ఒక్కటే సరిపోదు, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) చేతిలో ఉండాలి.

డల్లస్ నుంచి ఒక చిన్న మాట:

ఇది చదివే బయటి రాష్ట్రాల వాళ్లకి: ఇదంతా మిషిగన్ లెక్క. మా దగ్గర స్పెసిఫిక్ యూజ్ పర్మిట్ అంటారు, కాలిఫోర్నియాలో కండిషనల్ యూజ్ పర్మిట్ అంటారు. నోటీసు దూరాలు, ఓట్ల లెక్కలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. హ్యూస్టన్‌లో అయితే అసలు జోనింగే లేదు.

ప్రశ్న అడిగినవారు మళ్లీ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. మ్యాపు చూశాను. ఆ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఆఫీస్ అనే ఉంది. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకాయన, రీజోనింగ్ పాసైతే ఊరంతా ఓటింగ్ పెట్టించడానికి పిటిషన్ తిప్పుతానంటున్నాడు, అందరూ సంతకం చేయాలట. చేయొచ్చా?

కాంటన్ నుంచి జవాబు:

మీరు చేయకండి. టౌన్‌షిప్‌లో రీజోనింగ్ మీద రిఫరెండం అడిగే పిటిషన్ అది. ఆర్డినెన్సు ప్రచురించాక 7 రోజుల్లో నోటీసివ్వాలి, 30 రోజుల్లో సంతకాలు ఇవ్వాలి, గత గవర్నర్ ఎన్నికల్లో అక్కడ పోలైన ఓట్లలో కనీసం 15 శాతానికి సమానమైన సంతకాలు కావాలి. అందులో సంతకం పెట్టాల్సింది రిజిస్టర్డ్ ఓటర్లు. సిటిజన్ కాని మనం దాని జోలికే వెళ్లకూడదు, మొహమాటానికి కూడా. సిటీల్లో, విలేజిల్లో వేరే రకం ప్రొటెస్ట్ పిటిషన్ ఉంది. అది 100 అడుగుల లోపు స్థలాల ఓనర్లది. ఆ విస్తీర్ణంలో కనీసం 20 శాతం స్థలం ఉన్నవాళ్లు సంతకం చేస్తే కౌన్సిల్‌లో కనీసం మూడింట రెండు వంతుల ఓట్లు కావాల్సొస్తుంది. దానికి ఆస్తి ఉంటే చాలు, కానీ మీది టౌన్‌షిప్, మీకది లేదు.

హియరింగ్‌లో మాట్లాడడానికి మాత్రం వీసా అడ్డు కాదు. చాలాచోట్ల మనిషికి మూడు నిమిషాలిస్తారు, రాసుకెళ్లి చదవండి. మ్యాపులో ఆఫీస్ అని ఉంది కాబట్టి రీజోనింగ్ ఆపాలని మీ టైమంతా ఖర్చు పెట్టకండి, నోవై ఆయన చెప్పిన షరతులనే అడగండి. ఆఫీసు రద్దీ వల్ల వెళ్లలేకపోతే నోటీసులో ఇచ్చిన గడువులోపు లెటర్ పంపండి, పైన అర్జీ నంబరు, మీ ఇంటి అడ్రసు రాయండి. ఆ లెటర్ పబ్లిక్ రికార్డులోకి వెళ్తుంది, కాబట్టి వీసా సంగతులూ సొంత విషయాలూ అందులో పెట్టకండి.