బాణాల చార్టులో ఉన్న కారణం పేరాలో మాయమవుతోంది, ఏం చేయాలి?

నల్గొండ జిల్లా, ఎనిమిదో తరగతి, తెలుగు మాధ్యమం. వివరణాత్మక వ్యాసం నేర్పుతున్నాను. అంశం: నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి. ఈ పిల్లలకు ఫ్లోరైడ్ కొత్త మాట కాదు.

అయినా "సున్నం వేయాలి, తర్వాత పటిక వేయాలి, తర్వాత కలపాలి, తర్వాత వడకట్టాలి" అని వంట చెప్పినట్టు రాస్తున్నారు. పటిక వల్ల ఏర్పడే మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుందని, సున్నం చాలకపోతే నీటి ఆమ్లత్వం పెరిగి ఆ మడ్డి సరిగా ఏర్పడదని ఎవరూ రాయరు. నోటితో అడిగితే మాత్రం చక్కగా చెప్తారు!

నమూనా పేరాలో కారణం చెప్పే వాక్యాల కింద గీతలు గీయించాను. ఖాళీలు పూరించమన్నాను, సరిగ్గా పూరించారు. బాణాల చార్టూ బాగానే వేస్తారు. తెల్ల కాగితం ఇవ్వగానే మళ్లీ "తర్వాత". అనుసంధాన పదాల పట్టీ ఇస్తే ఇంకా చెడింది: "సున్నం వేయాలి ఎందుకంటే తర్వాత కలపాలి" అని ఎక్కడపడితే అక్కడ అతికిస్తున్నారు.

చార్టు నుంచి పేరాకు దాటే ఆ ఒక్క మెట్టుకు, 45 నిమిషాల పీరియడ్‌లో పూర్తయ్యేలా, మీ తరగతిలో నిజంగా పనిచేసిన అభ్యాసం ఏది?